జల్‌పల్లి షెడ్డులోని పద్మిని: అల్లుడికి ఓ మాట

అల్లుడూ,

ఇంజన్ స్టార్టయిందనీ, బండి షెడ్డులోంచి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చిందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ గొంతులో సంతోషం ఎంతుందో భయం కూడా అంతే ఉంది. నా పరిస్థితీ అదే. తుక్కు కొట్టుకు పోవాల్సిన 1986 పద్మినిని తెచ్చి, టాపు కోసి, జిప్సీ ఇంజన్ దించి, వెల్డింగ్ నేర్చుకుని మరీ నిలబెట్టావు. మన వాళ్లలో ఇంత పని తలకెత్తుకున్నవాడు లేడు. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రుళ్లు ఆ రేకుల షెడ్డులో చెమటోడ్చి చేశావు. నాకు గర్వంగా ఉంది. ఈ మాట ముందు చెప్పి, మిగతాది తర్వాత చెబుతాను.

ఇంజన్ ఒక్కటే మార్చాననుకుంటున్నావేమో. అక్కడే నా దిగులు. పద్మినిలోని ప్రతి భాగాన్నీ కంపెనీ వాళ్లు 1089 సీసీ ఇంజన్‌కి, 40 చిల్లర హార్స్‌పవర్‌కి, నెత్తిన టాపు ఉన్న బాడీకి లెక్కగట్టి పెట్టారు. నువ్వు తెచ్చిన 1.3 లీటర్ జిప్సీ ఇంజన్ దగ్గర దగ్గర 60 హార్స్‌పవర్ ఇస్తుంది. అంటే బ్రేకులు, బాడీ, రేడియేటర్, వైరింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నింటి లెక్కా తప్పిపోయింది. ఆ లెక్కను ఒక్కొక్కటిగా మళ్లీ కుదర్చాలి. షెడ్డులో బండి కట్టడానికి పట్టినంత కాలమూ దానికి పట్టినా తొందరపడకు.

మొదట బ్రేకులు. పికప్ ఎంతుందో చూడాలని నీ కాలు లాగుతుందని నాకు తెలుసు. అయినా మొదట బ్రేకులే. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, బూస్టర్ లేదు. బండి 60 వేగంలో ఉండగా ఆపడానికి, 90లో ఉండగా ఆపడానికి తేడా ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. అంత శక్తీ వేడిగా మారి ఆ నాలుగు డ్రమ్ముల్లోకే పోవాలి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా కిందికి దిగుతుంది. లైనింగ్ కూడా పట్టు వదులుతుంది. మొదటిసారి బాగా ఆగిన బండి మూడోసారి ఆగకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి నాలుగు డ్రమ్ములూ విప్పు. లోపల గీతలు పడి ఉంటే లేత్ మీద పట్టించు. ఎంత వరకు కోయొచ్చో దానికో హద్దుంది, అది దాటితే కొత్తవి వెతుక్కోవాల్సిందే. వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు, రబ్బరు హోస్ పైపులు చూడటానికి బాగున్నా మార్చెయ్. ఏళ్ల తరబడి ఒకచోట నిలబడ్డ బండి అది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరుగుతుంది. డాట్ 4 అయితే 230, 155. మరిగిందంటే పైపులో ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తగా నేలకు తగులుతుంది. రెండేళ్లకోసారి మొత్తం తీసేసి కొత్తది పోయడం అలవాటు చేసుకో. ఆ తర్వాత ఇంజన్ ఆపి ఉండగానే పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకో. మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో లీకుంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల కప్పు పోయింది. అది తేలకుండా బండిని గేటు దాటించకు.

ముందు చక్రాలకు డిస్కులు పెడతానని అన్నావు. మంచి ఆలోచనే. కానీ డిస్కు పెడితే మాస్టర్ సిలిండర్ కొలత మారాలి, వెనక బ్రేకుల వాటా తగ్గాలి. వెనక చక్రాలు ముందే పట్టేస్తే బండి బొంగరంలా తిరుగుతుంది. నీది టాపు లేని బండి అని గుర్తుంచుకో. ఈ ఒక్క పనీ నీ అంతట నువ్వు చేయకు. బ్రేకుల పని మీదే బతికిన ఉస్తాద్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్.

ఇప్పుడు బాడీ సంగతి. ఇది నన్ను బ్రేకులకన్నా ఎక్కువ కలవరపెడుతోంది.

నువ్వు ఫొటోల్లో చూసి ముచ్చటపడ్డ హాట్‌రాడ్‌లు అమెరికాలో పుట్టినవి. 1930ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డ్ మోడల్ టీ, మోడల్ ఏ బండ్లు చవగ్గా కొని, అక్కర్లేని రేకంతా పీకేసి, ఇంజన్‌కి పదును పెట్టి, మురాక్ లాంటి ఎండిన సరస్సు నేలల మీద పరుగెత్తించారు. 1932లో ఫోర్డ్ వీ8 వచ్చాక వాళ్ల పంట పండింది. అయితే ఆ ఫోర్డ్ బండ్లకు కింద నిచ్చెనలాంటి చాసిస్ విడిగా ఉంటుంది, బాడీ దాని మీద బోల్టులతో కూర్చున్న పెట్టె మాత్రమే. పైన ఎంత కోసినా కింద బలం చెక్కుచెదరదు. పద్మిని అలాంటిది కాదు. దాని మూలం 1953లో వచ్చిన ఫియట్ 1100. దానికి విడి చాసిస్ లేదు. ఫ్లోరు, తలుపుల కింది గడపలు, స్తంభాలు, టాపు అన్నీ కలిస్తేనే చాసిస్. నువ్వు టాపు కోసినప్పుడు పోయింది రేకు ఒక్కటే కాదు, బండి వెన్నులో సగం పోయింది.

నా మాట నమ్మొద్దు, కొలిచి చూసుకో. బండిని చదునైన నేల మీద నిలబెట్టి, తలుపు మూసి, తలుపు పై అంచుకూ వెనక స్తంభానికీ మధ్య సందు ఎంతుందో స్టీలు స్కేలుతో కొలిచి రాసుకో. తర్వాత ముందు చక్రం వెనక, గడప కింద జాకీ పెట్టి ఆ చక్రం నేల వదిలేదాకా ఎత్తు. మళ్లీ అదే సందు కొలువు. ఆ చోట రెండు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే బండి నడుం వంగుతోందన్నమాట. తలుపు తీయబోతే బిగుసుకుంటే ఇక కొలతే అక్కర్లేదు. అలా వంగే బండిలో నువ్వు స్టీరింగ్ తిప్పితే ముందు భాగం ఒకటి చెబుతుంది, వెనక భాగం ఇంకొకటి వింటుంది. పైగా ప్రతి గుంతకూ నువ్వు వేసిన వెల్డింగ్ కొంచెం కొంచెంగా అలసిపోతుంది.

మందు ఉంది. గడపల లోపల మందమైన బాక్సు పైపు పొడవునా వేసి, ఫ్లోరు కింద అడ్డంగా క్రాస్ కట్టి, సీట్ల వెనక గట్టి గొట్టంతో ఆర్చిలా రోల్ బార్ నిలబెట్టి, దాని కాళ్లను గడపలకే కలపాలి. పల్చని ఫ్లోరు రేకు మీద కాళ్లు నిలబెడితే దెబ్బ తగిలినప్పుడు రేకును చీల్చుకుని కిందికి దిగిపోతాయి. సీటు బెల్టులూ ఆ గట్టి చోటుకే పట్టాలి. ఇది చేసేదాకా మీ చెల్లెల్ని పక్క సీట్లో ఎక్కించుకోవద్దు. ఇది నేను ఆజ్ఞలా చెబుతున్న మాట, తప్పుగా అనుకోకు.

వెల్డింగ్ పగుళ్లు కంటికి కనబడవు. వాటిని పట్టుకోవడానికి లేత్ పనిలో మేం చేసే పద్ధతి ఒకటుంది. అతుకు మీద రంగు, గ్రీజు లేకుండా వైరు బ్రష్షుతో శుభ్రంగా గీకు. కిరోసిన్ గుడ్డతో బాగా తడిపి పావుగంట వదిలెయ్. తర్వాత పొడి గుడ్డతో పైనంతా తుడిచేసి, సుద్దముక్కను పొడి చేసి పల్చగా చల్లు. పగులు ఉంటే దాంట్లోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి వచ్చి తెల్లని సుద్ద మీద సన్నని తడి గీత గీస్తుంది. వెంట్రుకంత పగులు కూడా దొరికిపోతుంది. కమాన్ పట్టీల బ్రాకెట్లు, నువ్వు చేసిన ఇంజన్ మౌంట్లు, స్టీరింగ్ బాక్సు పట్టిన చోటు, ఈ మూడింటినీ ఇలా చూడు. పగులు దొరికితే దాని మీదే ఇంకో పొర వెల్డింగ్ పోసి మూసేయకు. గ్రైండర్‌తో వేరుదాకా తీసి, మళ్లీ నింపు. మంటా ఆవిర్లూ ఉండే పని, షెడ్డు తలుపులు బార్లా తెరిచి పెట్టుకో.

ఇక నీకు ఇష్టమైన చోటికి వద్దాం. ఇంజన్ ట్యూనింగ్ అనగానే అందరూ కార్బొరేటర్ స్క్రూల మీద పడతారు. కార్బొరేటర్ ఆఖరున ముట్టుకోవాల్సిన వస్తువు. దాని ముందు ఉన్నవన్నీ సరిగ్గా ఉంటేనే అది చెప్పిన మాట వింటుంది.

ఆ ఇంజన్ ఎక్కడ, ఎన్నేళ్లు పడి ఉందో నీకు తెలీదు కాబట్టి టైమింగ్ బెల్టు మొట్టమొదట మార్చు. ఎలాగూ విప్పుతావు కనుక వాటర్ పంపూ అప్పుడే చూసేయ్. తర్వాత నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలువు. అంకె ఎంతుందన్నదానికన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలువు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఆ తర్వాత టాపెట్ల సందు మాన్యువల్‌లో చెప్పినట్టు, చల్లటి ఇంజన్ మీదో వేడి ఇంజన్ మీదో అందులో ఏది రాసుంటే అలాగే పెట్టు. చప్పుడు వినపడకూడదని మరీ బిగించేవాళ్లున్నారు. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే సీటు మీద చల్లబడే వీల్లేక అంచు కాలిపోతుంది. కాస్త టిక్‌టిక్‌మనే టాపెట్టు నాకు ఇష్టమే. ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు చూసుకుని, టైమింగ్ లైటుతో స్పార్క్ టైమింగ్ పెట్టు. చెవితో పెట్టే ఉస్తాద్‌లు మనకున్నారు, వాళ్ల చెవికి దండం. నువ్వు మాత్రం లైటు కొనుక్కో.

ఇంకొక్క పరికరం కొనమంటాను. వాక్యూమ్ గేజి. కార్బొరేటర్ కింద మానిఫోల్డుకు దాని ట్యూబు తగిలిస్తే ఇంజన్ ఊపిరి ఎలా ఉందో ముల్లు చెబుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో చూడు. పుస్తకాల్లో 17 నుంచి 21 అంగుళాలు ఉండాలని రాస్తారు. అది సముద్ర మట్టం లెక్క. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది. మన హైదరాబాదు నేల దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, అంటే దగ్గర దగ్గర 1,800 అడుగులు. కాబట్టి మనకు 15, 16 నుంచి 19 దాకా చూపిస్తే బెంగపడకు. ముల్లు కదలకుండా నిలబడటమే అసలు సంగతి. నిలకడగానే ఉండి అంకె తక్కువుంటే స్పార్క్ ఆలస్యంగా పడుతోందేమో, లేదా మానిఫోల్డు గాస్కెట్ దగ్గర గాలి లాగుతోందేమో చూడు. లయ తప్పకుండా మాటిమాటికీ కిందికి జారి లేస్తుంటే ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. ఇవన్నీ సర్దుకున్నాకే మిక్స్చర్ స్క్రూ ముట్టుకో. పావు తిప్పు తిప్పి కాసేపు ఆగు, ముల్లు స్థిరపడనీ, మళ్లీ పావు తిప్పు. ముల్లు అన్నింటికన్నా పైన నిలిచిన చోట ఆపెయ్.

ఇప్పటి పెట్రోలు సంగతి నీకు గట్టిగా చెప్పాలి. బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. నీ ఇంజన్, నీ కార్బొరేటర్, పద్మిని ట్యాంకు, ఇవేవీ దాని కోసం చేసినవి కావు. పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చాలు. జెట్టు మాత్రం పాత కొలతే పోస్తుంది. అంటే నువ్వు ఏమీ చేయకపోయినా మిక్స్చర్ 7, 8 శాతం పల్చబడిపోతుంది. చలి పొద్దున స్టార్టు కాకపోవడం, ఆక్సిలేటర్ తొక్కగానే ఒక్క క్షణం తడబడటం, ఎక్కువసేపు లాగితే వేడెక్కడం, వీటికి మూలం చాలాసార్లు అదే. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి చూడు. డ్రిల్లు బిట్టు పెట్టి జెట్టు రంధ్రం పెద్దది చేయకు, కొలత దొరకదు, వెనక్కి పోలేవు.

ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, పగలగొడుతుంది. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న పైపంతా ఇథనాల్ తట్టుకునేది వేసి, స్క్రూ క్లిప్పులు బిగించు. సైలెన్సర్ పైపుకు దూరంగా నడిపించు. వేడి మానిఫోల్డు మీద పెట్రోలు చుక్కలు పడితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. మంటలార్పే రెండు కిలోల పౌడర్ సిలిండర్ ఒకటి డ్రైవర్ సీటు పక్కన చేతికందేలా బిగించు, డిక్కీలో కాదు. ట్యాంకు గోడలకు పట్టిన పాత మడ్డినీ తుప్పునూ కూడా ఇథనాల్ వదిలిస్తుంది కనుక మొదట్లో ఫిల్టర్ తరచూ మార్చాలి. వానాకాలంలో బండి నెలల తరబడి షెడ్డులో ఉంటే ఆ పెట్రోలు తేమ పీలుస్తుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగిపోతాయి. కార్బొరేటర్ గిన్నెలో తెల్లని పొడిలా కనబడితే అది ఆ తేమ పట్టిన ఇథనాల్ పనే. బండి నిలబెట్టే ముందు గిన్నె ఖాళీ చెయ్.

ప్లగ్గు రంగు చూసి మిక్స్చర్ చెప్పడం మా రోజుల విద్య. బిస్కట్ రంగు ఉంటే బాగున్నట్టు, మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా బొబ్బలెక్కితే తక్కువై వేడెక్కుతున్నట్టు. ఇప్పటి పెట్రోలుకి రంగు అంత తొందరగా పట్టదు. భూతద్దం పెట్టి పింగాణీ అడుగున, లోహంతో కలిసే చోట సన్నని మసి ఉంగరం ఉందో లేదో చూడు. తెల్లదనం మాత్రం ఎప్పుడు కనబడినా బండి ఆపెయ్. నీ ఇంజన్ బ్లాకూ హెడ్డూ అల్యూమినియం. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్డు వంగుతుంది.

ఆ వేడి గురించే ఇంకో రెండు మాటలు. పద్మిని రేడియేటర్ ఈ ఇంజన్‌కి చాలదు. కనీసం దాని కోర్ పెద్దది చేయించి, ఫ్యాన్ చుట్టూ రేకు గూడు కట్టించు. గూడు లేకపోతే ఫ్యాన్ తన చుట్టూ ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప రేడియేటర్ గుండా లాగదు. 0.9 బార్ క్యాపు సరిగ్గా పట్టి ఉంటే నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు, క్యాపు రబ్బరు పోతే 100 లోపే మరుగుతాయి. మే నెల ఎండలో శ్రీశైలం రోడ్డు ట్రాఫిక్‌లో ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. మన రంగారెడ్డి బోరు నీళ్లు రేడియేటర్లో పోయకు. ఇంట్లో గీజర్ కాయిల్‌కి, బకెట్ అంచుకి పట్టే ఆ తెల్లని చారే ఇంజన్ లోపలి దారుల్లోనూ పడుతుంది. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. అందులో తగ్గించుకోవద్దు.

స్టార్టర్ కొన్నిసార్లు నీరసంగా తిరుగుతోందన్నావు. బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ చూడు. కొత్త ఇంజన్‌ను రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెట్టావు. ఇంజన్ నుంచి బాడీకి మందమైన ఎర్త్ పట్టీ వేశావా? అది లేకపోతే స్టార్టర్ కరెంటంతా ఆక్సిలేటర్ కేబుల్, చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. కేబుల్ వేడెక్కి బిగుసుకుందంటే ఆక్సిలేటర్ తొక్కిన చోటే ఉండిపోతుంది. మల్టీమీటర్ ఒక తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాకు మీద పెట్టి స్టార్టర్ తిప్పించు. అర వోల్టు దాటి చూపించిందంటే ఎర్త్ సరిగ్గా లేదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ సంగతి కూడా అంతే, జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేస్తాం. గేర్‌బాక్సు వంపు, వెనక డిఫరెన్షియల్ పినియన్ వంపు సమానంగా లేకపోతే ఒక వేగం దగ్గర బండంతా గుయ్‌మంటుంది. టైర్ బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. ఫోన్‌లో కోణం చూపించే యాప్ ఉంటుందిగా, దాంతో చూడు.

ఈ పనులన్నింటికీ ఒకే షరతు. ఒకసారికి ఒక్క మార్పు. జెట్టు మార్చిన రోజు టైమింగ్ ముట్టుకోకు. రెండూ మార్చి బండి బాగైతే ఏది బాగు చేసిందో తెలీదు, పాడైతే ఏది పాడుచేసిందో తెలీదు. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టు. తేదీ, ఎండ ఎంతుంది, ఏం మార్చావు, ముందు ఎంత, తర్వాత ఎంత. ఫోన్‌లో కాదు, గ్రీజు చేతుల్తో తిప్పగలిగే కాగితం మీద. నువ్వు అడిగిన పెద్ద కార్బొరేటర్, అల్లాయ్ వీల్స్ డబ్బు ముందు టార్క్ రెంచి, గేజి, లైటు, మల్టీమీటర్ మీద పెట్టు. మొదటి వంద కిలోమీటర్లకే ప్రతి నట్టూ మళ్లీ టార్క్ చూసుకో, ముఖ్యంగా వీల్ నట్లు, స్టీరింగ్, కమాన్ల యూ బోల్టులు. తర్వాత పసుపు పెయింటుతో నట్టు మీంచి బోల్టు దాకా చిన్న గీత గీసిపెట్టు. గీత విరిగిందంటే నట్టు కదిలింది.

మీ జల్‌పల్లి నుంచి బహదూర్‌పురా ఎంత దూరమని. అక్కడ కె. సుధాకర్ మ్యూజియం చూసొచ్చావా? బర్గర్, క్రికెట్ బ్యాట్, ఆడవాళ్ల చెప్పు ఆకారాల్లో తుక్కుతో చేసిన కార్లు. 2005లో ఆయన చేసిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిల్‌కి గిన్నిస్ రికార్డు వచ్చింది. పైన ఆకారం ఎంత వింతగా ఉన్నా అవి బొమ్మలు కావు, నడిచే బండ్లు. వెళ్లినప్పుడు రంగుల్ని కాదు, వంగి కింద చూడు. చక్రం ఎక్కడ పట్టింది, స్టీరింగ్ ఎలా తిరిగింది, బరువు ఎక్కడ మోపింది.

ఇంకో పేరు కూడా తెలుసుకో. ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరు తెలుగు నాయుళ్ల మిల్లుల కుటుంబం వాడు. 1980ల చివర్లో మారుతి 800 ఇంజన్ పెట్టి ఒంటి సీటు రేసు కారు తయారు చేశాడు, అదే ఫార్ములా మారుతి. 796 సీసీ, మూడు సిలిండర్లు. మన వీధిలో పాల ప్యాకెట్ల కోసం వెళ్లే కారు ఇంజనే. పెద్ద ఇంజన్ కోసం పరుగెత్తకుండా, దొరికే చిన్న ఇంజన్ చుట్టూ తేలికైన, గట్టి బండి కట్టాడు. నరేన్ కార్తికేయన్ లాంటివాళ్లు ఆ కార్లలోనే ఓనమాలు దిద్దుకున్నారు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు రేసు ట్రాక్‌కి ఆయన పేరే. బలం ఎక్కడ పెట్టాలో, బరువు ఎక్కడ తీయాలో తెలిసిన మనిషి. నువ్వు అలాంటివాళ్ల దారిలో ఉండాలని నా ఆశ.

రోడ్డు సంగతి దాటవేయలేను, నీకు నచ్చకపోయినా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నీ ఆర్‌సీలో ఉన్నది టాపున్న పద్మిని, 1089 సీసీ ఇంజన్. రోడ్డు మీద నిలబడ్డది ఇంకో బండి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే. జరిమానా కట్టగలవు. ఆ దెబ్బ తిన్న మనిషి ఇంటికి ఏ మొహంతో వెళతావు?

ఆర్‌టీఏ ఆఫీసుకు స్వయంగా వెళ్లి అడుగు, ఏజెంటును పంపకు. ఇంజన్ కొన్న బిల్లు, అది వచ్చిన జిప్సీ కాగితాలు జాగ్రత్త చెయ్. అనుమతి రానంత కాలం బండి మీ ప్లాటు గోడల్లోనే తిరగాలి. పరుగెత్తించాలనిపిస్తే లారీ మీద ఎక్కించి ట్రాక్‌కి తీసుకెళ్దాం, నేనూ వస్తాను. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. అది రాకముందు మద్రాసువాళ్లు యుద్ధకాలపు షోలవరం రన్‌వే మీద ఇంట్లో దిద్దుకున్న ఫియట్లు, అంబాసిడర్లు పరుగెత్తించేవారు. అమెరికాలో కూడా 1951లో వాలీ పార్క్స్ డ్రాగ్ రేసుల సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెట్టింది హాట్‌రాడ్ కుర్రాళ్లను వీధుల్లోంచి తీసి, నియమాలున్న స్ట్రిప్పుల మీదికి చేర్చడానికే. హాట్‌రాడ్‌ను అందరికన్నా ప్రేమించినవాడే ఆ పని చేశాడు.

ఇంకో చిన్న మాట. రేపు ఇంకెక్కడైనా బాడీ చెడని పద్మిని దొరికితే దాన్ని మాత్రం కోయకు. 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నియమం 2021లో వచ్చింది. బాడీ, చాసిస్, ఇంజన్ మార్చని బండికే అది దక్కుతుంది. ఇప్పుడు తీసేసిన పాత ఇంజన్‌ను కూడా తుక్కుకు అమ్మకు. ఆయిల్ పూసి, ప్లగ్గు రంధ్రాలు మూసి, చెక్క మీద పెట్టి ఉంచు.

వచ్చే ఆదివారం పొద్దున వస్తున్నాను. ఈలోగా బండిని నాలుగు స్టాండ్ల మీద ఎక్కించు, జాకీ ఒక్కదాన్నీ నమ్ముకుని కిందికి దూరకు. డ్రమ్ములు నాలుగూ విప్పి, ఏది ఏ చక్రానిదో సుద్దతో రాసి వరసగా పెట్టు. వీల్ సిలిండర్ కిట్లు, డాట్ 4 ఆయిల్ ఒక లీటరు రాణిగంజ్‌లో నేనే తీసుకొస్తాను. తలుపు సందు కొలతలు నోట్‌బుక్‌లో రాసి సిద్ధంగా ఉంచు. మీ అమ్మను మధ్యాహ్నం వంటకు ఒకరికి ఎక్కువ పెట్టమను, ఉస్తాద్ కూడా నాతో వస్తున్నాడు.

మీ మామయ్య